వరుల నుంచి వార్డులకు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే తప్పులు పట్టడం అని చెబుతాను. ఆ పనికి నెలనెలా జీతం కూడా ఇస్తారని తెలిసినప్పుడు మా అత్తగారు చాలా నొచ్చుకున్నారు. ఆవిడ అన్నేళ్ళూ ఊరికే చేశారు మరి.

సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరి, టెస్టర్‌గానే రిటైరయ్యాను. మధ్యలో పేరు వెనక రకరకాల తోకలు తగిలించారు గానీ చేసిన పని మాత్రం అదే. ఒకరు కోడ్ రాస్తారు, నేను దానికి వంకలు పెడతాను. కోడ్‌కీ కోడలికీ పలకడంలో పెద్ద తేడా లేదు. కనుక అత్తగారి హోదా నాకు పెళ్ళికి ముందే దొరికిందన్నమాట.

అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సుకు ఫీజు కట్టి, జిరాక్స్ నోట్సు చంకలో పెట్టుకుని ఒక మెట్లదారి నుంచి ఇంకో మెట్లదారికి పరుగెత్తే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ ఎలా తెచ్చుకోవాలో ఇందులో ఉండదు. నాకు వచ్చినవాటిలో సగం ఎందుకు వచ్చాయో ఇప్పటికీ నాకే తెలియదు. తర్వాతి కాలంలో అద్దాల మేడల్లో, పెద్ద కంపెనీల్లో పనిచేశాను. అక్కడ కాఫీ మిషన్లు బాగుండేవి. చెప్పుకోదగ్గ పని మాత్రం అంతకు ముందే, అమీర్‌పేటలో ఒక ఇరుకు ఆఫీసులో జరిగింది. అది ఓటర్లకూ అభ్యర్థులకూ పొంతన చూసే వెబ్‌సైటు. ఒక్క ఎన్నికలకే బతికింది. అయినా నా పని గురించి గర్వంగా చెప్పుకోమంటే దాని దగ్గరే మొదలుపెడతాను.

మేడ మీద ఆఫీసు

మా ఊళ్ళో జావ అంటే తాగేది. అమీర్‌పేటకు వచ్చాక జావా అంటే బతుకుతెరువు అని తెలిసింది. అప్పట్లో ఆ బజారులో గోడ కనిపించేది కాదు, అంతా కోర్సుల బోర్డులే. మా ఆఫీసు కిటికీకి అడ్డంగా ఒక ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఉండేది. దాని వెనకవైపు మాకు, ముందువైపు లోకానికి. పగలు కూడా ట్యూబులైటు వేసుకునే పనిచేసేవాళ్ళం.

ఆఫీసు యజమాని కోటేశ్వరరావు గారిది గుంటూరు వైపు. కంప్యూటర్లకు ముందు ఆయన లక్డీకాపూల్‌లో పెళ్ళి సంబంధాల బ్యూరో నడిపేవారు. ఫొటోలు, బయోడేటాలు, గోడ బీరువా, దాని నిండా పెళ్ళి కావలసిన ప్రజలు. ఇంటర్నెట్ వచ్చాక ఆ బీరువాను వెబ్‌సైటులోకి ఎత్తించారు. దాని మీద కోడ్ రాసేవాడు నరేశ్. సిరిసిల్ల నేత కుటుంబం నుంచి వచ్చినవాడు, చురుకైనవాడు. తన కోడ్‌లో తప్పు ఉందని చెబితే ముందు కంప్యూటర్‌ను, తర్వాత కరెంటును, ఆఖరుకు నన్ను అనుమానించేవాడు. ఆ వరుస ఎప్పుడూ తప్పలేదు.

ఒకరోజు కోటేశ్వరరావు గారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి మా మధ్య కూర్చున్నారు. నగరపాలక ఎన్నికలు వస్తున్నాయి.

"శారద గారూ, పెళ్ళికొడుకూ అభ్యర్థీ ఒకటేనండీ. ఎంపికయ్యేదాకా మన ఇంటి చుట్టూ తిరుగుతారు. ఎంపికయ్యాక మనం తిరగాలి."

"అయితే సార్?"

"అయితే ఏంటి, మన దగ్గర పొంతన చూసే సరుకు ఉందిగా. అమ్మాయి స్థానంలో ఓటరు, అబ్బాయి స్థానంలో అభ్యర్థి. ఓటరు కొన్ని ప్రశ్నలకు జవాబు చెబుతాడు. అవే ప్రశ్నలకు అభ్యర్థులు ముందే చెప్పి ఉంటారు. ఎవరితో ఎంత కలిసిందో చూపిస్తాం. నచ్చితే ఒక పత్రికవాళ్ళు తమ సైటులో పెట్టుకుంటామన్నారు."

నరేశ్ కాసేపు సీలింగు ఫ్యాను చూశాడు. "పాత కోడే వాడొచ్చు సార్. పైన పేర్లు మారిస్తే సాలు. మస్తు జల్ది అయితది."

అలా వరుల సైటు వార్డుల సైటు అయింది. అమీర్‌పేట, పంజాగుట్ట, యూసుఫ్‌గూడ వైపు కొన్ని వార్డులు తీసుకున్నాం. "పైన పేర్లు మారిస్తే చాలు" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ రోజు మాత్రం నేనూ సంతోషంగా టీ తాగాను.

అందరూ అవుననేది ప్రశ్న కాదు

ప్రశ్నలు రాసే పని నా మీద పడింది. "మీ బస్తీకి రోజూ మంచినీళ్ళు రావాలా?" అని మొదలుపెట్టాను. రోడ్లు బాగుండాలా, దోమలు పోవాలా... ఇలా పేజీ నింపి, గొప్పగా ఉందనుకున్నాను. తీసుకెళ్ళి ఇద్దరు అభ్యర్థులకిస్తే ఇద్దరూ అన్నింటికీ అవునన్నారు. ఓటర్లూ అవునన్నారు. అందరికీ అందరితో పూర్తి పొంతన కుదిరింది. అంత సుఖమైన ఎన్నికలు ఎక్కడా జరగవు.

అప్పుడు అర్థమైంది, ఎవరూ కాదనలేని ప్రశ్న ప్రశ్నే కాదని, అది నమస్కారమని. రెండు మంచి విషయాల మధ్య ఒకటి వదులుకోమన్నప్పుడే మనిషి బయటపడతాడు. "ఫుట్‌పాత్ మీద బండ్లు తీసేయాలా, నడిచేవాళ్ళు సర్దుకోవాలా?" "నల్లా నీళ్ళు అపార్టుమెంట్లకూ బస్తీలకూ ఒకే వేళ వదలాలా, ఎత్తు మీద ఉన్న బస్తీలకు ముందు వదలాలా?" "ఇళ్ళ మధ్య హాస్టళ్ళు, కోర్సులు పెట్టనివ్వాలా?" ఇలా తిరగరాశాను. ఈ ప్రశ్నలు తీసుకువెళ్ళినప్పుడు అభ్యర్థులు కుర్చీలో కాస్త కదిలారు. ప్రశ్న పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

యూసుఫ్‌గూడలో ఇండిపెండెంటుగా నిలబడిన సుగుణ కదల్లేదు. ఆవిడ టైలరు. వాళ్ళదీ నేత కుటుంబమే, జనగామ దగ్గరి నుంచి వచ్చి స్థిరపడ్డారు. అంతకు ముందే నేను హాస్టల్ ఖాళీ చేసి అదే బస్తీలో గది అద్దెకు తీసుకున్నాను. నా జాకెట్లు ఆవిడ దగ్గరే కుట్టించేదాన్ని. ఎన్నికల గుర్తు కూడా కుట్టుమిషనే దొరికింది ఆవిడకు. మిషను తొక్కుతూనే జవాబులు చెప్పింది.

"సుగుణ గారూ, ఫుట్‌పాత్ బండ్ల సంగతి చెప్పండి."

"గారు ఏంది, గారెలు తింటున్నవా? అక్క అను. బండ్లు తీసెయ్యొద్దు. ఆళ్ళూ బతకాలె గదా."

"అయితే 'ఉండాలి' అని రాస్తున్నానక్కా."

"ఆగు. నా కొట్టు ముందట పెడితే మాత్రం ఊకోను. గది సుత రాయి."

"దానికి వేరే గడి లేదక్కా. అవును, కాదు, చెప్పలేను. అంతే."

ఆవిడ పళ్ళ మధ్య దారం తెంపి నా వంక చూసింది. "మనిషికి నాలుగో గడి లేకుంటే గీ కంప్యూటర్ల ఏం సుఖం?"

ఆ మాటతో "ఈ విషయం మీకు ఎంత ముఖ్యం?" అన్న ఇంకో గడి చేర్చాం. అలాంటి సైట్లు ఇప్పుడు ఎన్నో చోట్ల ఉన్నాయంటారు. అన్నింటిలోనూ ఆ గడి ఉంటుందట. మాది మాత్రం దారం ముక్కతో పాటు వచ్చింది.

భార్యతో పొంతన లేని భర్త

మేం ఒక నియమం పెట్టుకున్నాం. జవాబులు అభ్యర్థి నోటి నుంచే రావాలి. ఆ నియమానికి కారణం పంజాగుట్ట వార్డులో ఒక పెద్ద పార్టీ తరఫున నిలబడిన వసంత గారి భర్త. మేం వెళ్ళేసరికి ఆయన సోఫాలో, ఆవిడ గుమ్మంలో ఉన్నారు.

"రాసుకోండమ్మా, అన్నీ నేను చెబుతాను. నా అభిప్రాయమే ఆమె అభిప్రాయం," అన్నారాయన.

నేను కాస్త అమాయకంగా మొహం పెట్టాను. ఆ మొహం నాకు ప్రయత్నం లేకుండానే వస్తుంది. "సార్, కంప్యూటర్ ఆడ గొంతే తీసుకుంటుంది," అన్నాను. నిజానికి అప్పటి కంప్యూటర్‌కు ఏ గొంతూ వినిపించదు. ఆయన టీ చెప్పడానికి లోపలికి వెళ్ళారు. ఆ కాసేపట్లో ఆవిడ ఒక్క ప్రశ్న దగ్గరా తడబడకుండా జవాబులన్నీ చెప్పేశారు. హాస్టళ్ళ గురించి, నీళ్ళ వేళల గురించి ఆయన గోడ మీద అంటించిన పార్టీ కరపత్రానికి పూర్తిగా ఎదురుగా చెప్పారు. "ఇవి రెండూ అలాగే ఉంచండి," అన్నారు మెల్లగా.

సైటు తెరిచాం. అమీర్‌పేట నెట్ సెంటర్లలో పిల్లలు కోర్సు ప్రాక్టీసు మధ్యలో దాన్ని తెరిచి ఆడుకునేవాళ్ళు. "నీకెవరొచ్చిండు?" అన్నది కొన్నాళ్ళు ఆ బజారులో పలకరింపు అయింది. ఫలితం కాగితం మీద ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు.

అప్పుడు వసంత గారి భర్త ఫోను చేశారు. "ఏంటండీ ఇది? నేను కూర్చుని అన్నింటికీ జవాబులిచ్చాను. మా ఆవిడ పేరు అసలు రాలేదు. నా భార్యకూ నాకూ పొంతన లేదంటుందా మీ సైటు?"

కోటేశ్వరరావు గారు ఎంతో మర్యాదగా మాట్లాడి ఫోను పెట్టేసి, "మా పాత బ్యూరోకి వచ్చి ఉంటే ఆ ముక్క పెళ్ళికి ముందే చెప్పేవాళ్ళం," అన్నారు. ఆఫీసంతా నవ్వాం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను, ఎందుకంటే ఆ రెండు జవాబుల రహస్యం నాకు తెలుసు. జవాబులు కలవలేదు కాబట్టి పేరు రాలేదనుకున్నాను.

టెస్టింగ్ నేర్చుకునే పిల్లలకు ఇక్కడ ఒక మాట చెబుతాను. ఇది మీ నోట్సులో ఉండదు. కోపం తెప్పించే ఫిర్యాదును మనం ఎలాగూ పట్టించుకుంటాం. నవ్వు తెప్పించే ఫిర్యాదే ముందు పట్టించుకోవలసింది. నవ్వగానే విన్నట్టు, అర్థమైనట్టు అనిపిస్తుంది. ఆయన "తక్కువ వచ్చింది" అనలేదు. "అసలు రాలేదు" అన్నారు.

"నా పేరు వస్తలేదంట"

ఓ సాయంత్రం జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళితే సుగుణ మిషను దగ్గర లేదు. కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. ముందురోజు దాకా ప్రచారానికి వెంట తిరిగిన ఆడవాళ్ళు కూడా లేరు.

"శారదా, ఒకటి అడుగుత, నిజం చెప్పు. మా గల్లీల ఒక్కరికన్నా నా పేరు రాలేదంట. కోర్సుకు పోయే పోరగాండ్లు కాగితాలు తెచ్చి చూపించిన్రు. అందరిది ఒకటే తీరు. నేను లేను."

"జవాబులు వేరుగా ఉండి ఉంటాయక్కా. కంప్యూటర్ ఎవరి పక్షమూ..."

"జవాబులు వేరెట్లుంటయి? గీ నల్లా కాడ కలిసి నిలబడి, కలిసి తిట్టుకుంటం గదా. వాళ్ళ మాటలే నేను నీకు చెప్పిన." గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఏమంటున్నరో తెలుసా? సుగుణను కంప్యూటరే వద్దన్నది, మనమేం ఎయ్యాలె అంటున్నరు. పైసలు పంచితే పోటీ పడలేను, సరే. కంప్యూటర్‌తోని ఎట్ల పోటీ పడాలె?"

ఆవిడకు ఆ గల్లీ తప్ప వేరే బలం లేదు. పార్టీ లేదు, జీపు లేదు, మైకు అద్దెకు తెచ్చుకున్నది. ఉన్నదల్లా ఆ గల్లీలో ఆవిడ మాటకున్న విలువ. దాన్ని మా సైటు తినేస్తోంది. ఓటింగుకు ఇక వారమే.

ఆ రాత్రి సుగుణ మాటే చెవుల్లో ఉంది. మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే ఒక పని చేశాను. అప్పటిదాకా నేను పరీక్షకు వాడిన ఓటర్లందరూ కల్పిత మనుషులు. వాళ్ళందరికీ నివాసం అమీర్‌పేట బజారే, ఎందుకంటే ఓటరు తను ఉండే బస్తీని ఎంచుకునే గడిలో అదే మొదట ఉంటుంది. ఆ బజారులో కోర్సులే కానీ కాపురాలుండవు. అభ్యర్థి ఎవరూ అక్కడ లేరు. నేను మొదటిసారి నాలాగే, యూసుఫ్‌గూడలో మా గల్లీ మనిషిగా లోపలికి వెళ్ళాను. సుగుణ చెప్పిన జవాబులే గడి గడికీ ఇచ్చాను.

వేరే పేర్లు వచ్చాయి. సుగుణ పైన లేదు. మధ్యలో లేదు. ఆఖర్న కూడా లేదు.

జవాబులు ఒక్కటీ మార్చకుండా, బస్తీ మాత్రం మార్చి పక్క బస్తీ పెట్టాను. సుగుణ అందరికన్నా పైన, పూర్తి పొంతనతో ప్రత్యక్షమైంది. మళ్ళీ మా బస్తీ పెట్టాను. మాయం.

"నరేశ్, ఒకసారి ఇటు రా."

"కంప్యూటర్ హ్యాంగ్ అయ్యిందా అక్కా?"

"లేదు."

"కరెంటు జర తక్కువున్నది పొద్దుటి సంది..."

"నరేశ్. బస్తీ మారిస్తే మనిషి మాయమవుతోంది."

వచ్చి చూశాడు. రెండుసార్లు తనే మార్చి చూశాడు. ఈసారి నన్ను అనుమానించలేదు. నుదురు మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అక్కా, గిది గోత్రం కాలమ్."

సగోత్రీకులు

పెళ్ళి సంబంధాల సైటు పెట్టిన కొత్తలో ఒకసారి అది ఒక అమ్మాయికి అదే గోత్రం అబ్బాయిని చూపించింది. అమ్మాయి తండ్రి మెట్లెక్కి వచ్చారు. అరవలేదు. మంచినీళ్ళు తాగి, "మా అమ్మాయికి అన్నయ్యను చూపించారండీ," అని చెప్పి దిగిపోయారు. కోటేశ్వరరావు గారు ఆ రోజు భోజనం చేయలేదు. ఇక మీదట ఏ లెక్కా మొదలు కాకముందే, గుమ్మం దగ్గరే గోత్రం చూడాలని, ఒకటే అయితే ఆ పేరు లోపలికే రాకూడదని నరేశ్‌కు చెప్పారు. నరేశ్ అలాగే రాశాడు. చాలా గట్టిగా రాశాడు.

వరుల సైటును వార్డుల సైటుగా మార్చినప్పుడు బస్తీ పేరు పెట్టడానికి ఒక గడి కావలసి వచ్చింది. గోత్రం గడి ఖాళీగా ఉంది. నరేశ్ దాని మీద "గోత్రం" తీసేసి "బస్తీ" అని పెట్టాడు. పైన పేరు మారింది. లోపల గుమ్మం దగ్గర కాపలా మాత్రం అలాగే ఉంది. ఓటరుదీ అభ్యర్థిదీ ఒకే బస్తీ అయితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళని, ఈ సంబంధం పనికిరాదని పంపించేసింది. వసంత గారి భర్తకు భార్య పేరు అందుకే రాలేదు. ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారు కదా, సగోత్రీకులైపోయారు.

పెద్ద పార్టీల అభ్యర్థులకు దీనివల్ల పోయేది కొంచెం. వాళ్ళకు అన్ని బస్తీల్లోనూ మనుషులున్నారు. ఉన్న ఒక్క గల్లీని నమ్ముకుని నిలబడినవాళ్ళకు మాత్రం సర్వం పోతుంది.

కోటేశ్వరరావు గారికి చెప్పాం. మర్నాడే పత్రికవాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఈ ఒక్క పని నిలబడితే ఆయన పేరు నిలబడుతుంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

"సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది నరేశ్?"

"టీ తాగొచ్చేలోపు సార్."

"అయితే చేసేయ్. సరిచేశాక తప్పు లేనట్టేగా శారద గారూ?"

"సైటులో లేనట్టే సార్. సుగుణ గల్లీలో ఇంకా ఉంది. అక్కడ కాగితాలు చేతులు మారిపోయాయి. చూసినవాళ్ళు మళ్ళీ చూడరు."

"మరి ఏం చేయమంటారు? మొదటి పేజీలో 'మాది తప్పు' అని రాసి రేపు పత్రికవాళ్ళకు చూపించమంటారా?"

"అవును సార్."

నాకు అంత పొట్టి జవాబు ఇచ్చే అలవాటు లేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నరేశ్ కీబోర్డు మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

కోటేశ్వరరావు గారు లేచి, కిటికీకి అడ్డంగా ఉన్న బోర్డు వెనకవైపును అందులో ఏదో దృశ్యం కనిపిస్తున్నట్టు చూశారు. తర్వాత అన్నారు: "బ్యూరోలో ఉన్నప్పుడు నా మాట వల్ల ఒక సంబంధం చెడితే ఫోను చేసేవాణ్ణి కాదండీ. పళ్ళు తీసుకుని ఆ ఇంటికెళ్ళేవాణ్ణి. పదిమంది ముందు కూర్చుని, పిల్ల తప్పేమీ లేదు, నాదే పొరపాటు అని చెప్పేవాణ్ణి. అలా చెప్పకపోతే ఆ పిల్లకు ఇంకో సంబంధం రాదు." జేబులోంచి పెన్ను తీశారు. "రాసుకోండి."

ఆయన చెప్పింది చెప్పినట్టు మొదటి పేజీలో పెట్టాం: "ఇప్పటిదాకా మీరు ఉండే బస్తీలోనే ఉండే అభ్యర్థి పేరు మా సైటు మీకు చూపించలేదు. అది అభ్యర్థి లోపం కాదు, మీ జవాబుల లోపం కాదు. మా తప్పు. దయచేసి మళ్ళీ చూడండి." అదే కాగితం మీద ప్రింటు తీసి నెట్ సెంటర్ల తలుపులకూ, అభ్యర్థులందరి గుమ్మాలకూ అంటించాం.

పళ్ళతో బయలుదేరాం

అంతా సుగుణ దగ్గరికే వెళదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక్కరి గల్లీలో చెబితే అది ప్రచారం. అందరి గల్లీల్లో చెబితేనే దిద్దుబాటు. అభ్యర్థి ఉన్న ప్రతి బస్తీకీ వెళ్ళాలి, అవే మాటలు చెప్పాలి, ఒక్క మాట ఎక్కువా తక్కువా కాకూడదు. కోటేశ్వరరావు గారు తను తెప్పించిన అరటిపళ్ళ గెల వైపు ఒకసారి చూసి నిట్టూర్చారు, ఎండలో ఎన్ని గల్లీలు తిరగాలో లెక్క వేసుకుంటూ.

పంజాగుట్టలో వసంత గారి భర్త విషయం విని ఎంతో తేలికపడ్డారు. వెంటనే కంప్యూటర్ తెరిచి మళ్ళీ జవాబులిచ్చారు. ఈసారి భార్య పేరు వచ్చింది. రెండో స్థానంలో.

"ఈ రెండు జవాబులూ తప్పు పడ్డట్టున్నాయే," అన్నారాయన.

"అవి నావి," అన్నారు వసంత గారు గుమ్మంలోంచి. తర్వాత లోపలికి వచ్చి సోఫాలో కూర్చున్నారు.

యూసుఫ్‌గూడకు చేరేసరికి ఎండ వాలింది. నల్లా దగ్గర బిందెల వరుస ఉంది. కోటేశ్వరరావు గారు కొట్టులోకి వెళ్ళి, బల్ల మీద పళ్ళు పెట్టి, విషయమంతా చెప్పారు. సుగుణ మిషను ఆపలేదు. విని, ఆఖరి కుట్టు వేసి, అప్పుడు ఆపింది.

"నాకు చెప్పుడెందుకు సార్? నా తప్పు లేదని నాకు తెల్వదా? బయటికొచ్చి గల్లీకి చెప్పు."

ఆయన బయటికి వచ్చి మెట్టెక్కి నిలబడ్డారు. గుంటూరు యాసలో, గోత్రం గడి సంగతి మొదలుకొని మొత్తం చెప్పారు. చివర్లో "సుగుణ గారు చాలా మంచి..." అని ఎత్తుకున్నారు.

"సార్, అంతవరకే," అన్నాను.

నోరు మూసుకున్నారు. యజమానిని నోరు మూయించిన టెస్టర్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఆయన దానికి ఎప్పుడూ కోప్పడలేదని మాత్రం చెప్పాలి. నా పైఅధికారుల్లో పెద్ద డిగ్రీలున్నవాళ్ళు చాలామంది. తప్పు చెబితే మొహం మాడ్చుకోకుండా విన్నది ఈ పెళ్ళిళ్ళ బ్యూరో ఆయనే.

బిందె పక్కన పెట్టి ఒక పెద్దాయన అడిగాడు: "అంటే సుగుణ మా అందరికి చెల్లెలనుకున్నదా గీ కంప్యూటర్?"

"అవునండీ. అలాగే అనుకుంది."

"మరి చెల్లెలే గదా. అండ్ల తప్పేమున్నది?"

నల్లా దగ్గర నవ్వు మొదలై గల్లీ చివరిదాకా పోయింది. సుగుణ గుమ్మంలో నిలబడి, మెడలో టేపు సర్దుకుంటూ, "చెల్లెలైతే ఓటెయ్యి మరి, ఉత్తగనే వరుస కలిపితే ఎట్ల?" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతు గల్లీకి వినిపించేలా వచ్చింది.

పత్రికవాళ్ళు మర్నాడు వచ్చారు. మొదటి పేజీలో ప్రకటన చదివారు. టీ తాగారు. ఏ సంగతీ తర్వాత చెబుతామన్నారు. ఆ 'తర్వాత' అన్నది ఇంతవరకూ రాలేదు. ఎన్నికలయ్యాక సైటు మూతపడింది. కోటేశ్వరరావు గారు మళ్ళీ వరుల దగ్గరికే వెళ్ళిపోయారు. ఒక సైటు ఎవరికి ఓటు వేయాలో చెప్పగలదని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఓటరునూ అభ్యర్థినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాఫీ ఇవ్వడం వరకే దాని పని. ఆ కుర్చీ మాత్రం ఎవరికీ తీసేయకూడదు. ఆ కుర్చీ చూసుకోవడమే టెస్టర్ ఉద్యోగం.

జాకెట్టు

సుగుణ గెలవలేదు. ఫలితాలు వచ్చిన మర్నాడు నా జాకెట్టు తెచ్చుకోవాలి. వెళ్ళాలా వద్దా అని గల్లీ మొదట్లో కాసేపు తచ్చాడి, చివరికి వెళ్ళాను. కొట్టు తెరిచే ఉంది. 'మా తప్పు' అని మేం అంటించిన కాగితం తలుపు మీద అలాగే ఉంది.

"ఇంకా తీయలేదా అక్కా?"

"ఎందుకు తీస్త? ఉండనీ." మిషను మీద నుంచి తల ఎత్తింది. "ఓడిపోయిన. మా గల్లీవోళ్ళు మంచిగనే ఏసిన్రు. మిగితా బస్తీలల్ల సాలలే. ఫికర్ లేదు."

నేను గుడ్డ ముక్కలు సర్దుతూ నిలబడ్డాను.

"మొగం అట్ల పెట్టకు శారదా. కంప్యూటర్ వద్దన్నదని ఓడిపోతే గది వేరే లెక్క. ఓట్లు సాలక ఓడిన. గిది నా సొంత ఓటమి. వచ్చేసారి ఏం చెయ్యాలెనో తెల్సింది."

నా ఉద్యోగ జీవితంలో చాలా మెచ్చుకోళ్ళు విన్నాను. కొన్నింటికి షీల్డులు కూడా ఇచ్చారు, అవి అలమర మీద దుమ్ము పట్టిపోతున్నాయి. ఈ మాట దగ్గరికి అవేవీ రావు. మా పని వల్ల ఎవరూ గెలవలేదు. ఒక మనిషి ఓటమి మాత్రం ఆమెకే దక్కింది, మా తప్పు అందులో కలవకుండా. ఆ రోజు నుంచి ఏ ప్రోగ్రాం నా చేతికి వచ్చినా ముందు ఒక్కసారి అందులో నేను ఉండే చోటు నుంచి, ఆ తర్వాత నాకు తెలియని చోట్ల నుంచి లోపలికి వెళ్ళి చూసేదాన్ని. కొత్తగా చేరే పిల్లలకు నేను ఇవ్వగలిగిన కోర్సు అంతే.

జాకెట్టు వేసుకుని చూశాను. చేతులు పొట్టిగా వచ్చాయి. వృత్తి ధర్మం ఊరుకోనివ్వదు కదా, చెప్పాను. సుగుణ నా చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, టేపు పెట్టి కొలిచి, తల ఊపింది.

"నిజమే, నా తప్పే," అంటూ కుట్టు విప్పడం మొదలుపెట్టింది. తర్వాత తలుపు వైపు గడ్డంతో చూపించింది. "గా కాగితం పక్కన నాది సుత ఒకటి అంటియ్యాల్నా?"